భీమిలి సీసాలు

మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల బిల్డింగు లేస్తున్న ఏడాది, ఎండాకాలమంతా మా ఇంట్లో ఎక్కువగా వినబడిన పేరు నాదీ కాదు, మా బాబు జశ్వంత్‌దీ కాదు. దేవిశ్రీది.

ఈసారి జెల్లీ చేపలు ముందే వచ్చాయని దేవిశ్రీ చెప్పిందట. ల్యాబులో ఎవరికీ లొంగని యంత్రం దేవిశ్రీ చెయ్యి పడితే లొంగుతుందట. దేవిశ్రీ వాళ్ళింట్లో కాకరకాయ కూరలో బెల్లం వెయ్యరట. మొదటి రెండూ ఓర్చుకున్నాను. కాకరకాయ దగ్గర నాకు కాలింది.

మావారు ఉదయ్ భాస్కర్, గచ్చిబౌలి దాటాక రాళ్ళగుట్టల మధ్య ఉన్న ఒక పరిశోధనాలయంలో స్కాలరు. చుట్టూ ఎక్కడా గుక్కెడు ఉప్పునీరు లేని చోట కూర్చుని ఆయన చదివేది సముద్రంలో తేలే జెల్లీ చేపల గురించి. చేపలని పేరే గాని అవి చేపలు కావు. ఎముక లేదు, నెత్తురు లేదు, గంజి గడ్డకట్టినట్టు ఉంటాయి. ఎండాకాలంలో గుంపులుగా వచ్చి వలల్లో పడితే బరువుకి వల చినిగిపోతుంది, జాలర్ల చేతులు దద్దుర్లెక్కిపోతాయి. అవి ఎక్కడ పుట్టి ఎక్కడికి వస్తున్నాయో తెలిస్తే జాలర్లకి ముందుగా చెప్పచ్చు. కాని చూపుకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

"అందుకని వాటి డి.ఎన్.ఏ.లో గుర్తులు వెతుకుతాం భ్రమరా," అని పెళ్ళయిన కొత్తలో చెప్పారు. "మనకి ఇంటిపేర్లు ఉన్నట్టే అనుకో. భీమిలిలో దొరికినవాటికీ కాకినాడలో దొరికినవాటికీ ఒకే గుర్తు ఉంటే, అన్నీ ఒకచోటి నుంచే కొట్టుకొస్తున్నట్టు. గుర్తులు తేడాగా ఉంటే వేరు వేరు పుట్టుకలన్నట్టు."

నాకు వెంటనే అర్థమైంది. ఆయన మెచ్చుకున్నారు కూడా. ఇంటర్ మొదటి ఏడుతో నా చదువు ఆపించినందుకు మా నాన్నని నాలుగు మాటలన్నారు. అలా మెచ్చుకోవడం బాగుండేది. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ రోజు ఏ గుర్తు దొరికిందో చెబుతుంటే నేను బియ్యంలో రాళ్ళేరుకుంటూ వినేదాన్ని. అప్పటికి దేవిశ్రీ ఇంకా రాలేదు. ఆమె ఆ ల్యాబులో చేరాక, ఇలాంటివి చెప్పుకోవడానికి ఆయనకి నాతో పని లేకపోయింది. చెప్పుకోవాల్సినవన్నీ అక్కడే అయిపోయేవి. ఇంటికి వచ్చేవి ఆమె చెప్పిన మాటలు మాత్రమే.

మేం చందానగర్‌లో నీలమ్మ గారింట్లో వెనక వాటా కిరాయికి ఉండేవాళ్ళం. ఫోను వాళ్ళ ముందు గదిలో ఉండేది. ఒక ఆదివారం ఆయన అక్కడ నిలబడి ఫోన్లో "నువ్వు తిన్నావా? ముందు తిను, తర్వాత చూసుకోవచ్చు," అనడం విన్నాను. అవతల ఉన్నది దేవిశ్రీ. అంతకు ముందు నెల దాకా ఆమె 'మీరు'. ఎప్పుడు 'నువ్వు' అయిందో నాకు తెలియలేదు. పెళ్ళయి మూడేళ్ళయినా నేను ఆయన్ని 'మీరు' అనే అంటున్నాను.

నా మొహం చూసి నీలమ్మ గారు కనిపెట్టేశారు. ఆమెకి అన్నిటిమీదా ఒక వేళాకోళం ఉండేది.

"ఏం పిల్లా, నీ పెనిమిటి మల్ల సముద్రానికి పోతున్నడంట? గా బంకబంక పురుగుల కోసం గంత దూరం పోవాల్నా? మన దుర్గం చెరువుల ఏం దొరకయా?"

ఈసారి ఆయన ఒక్కరే కాదని, దేవిశ్రీ కూడా వెళ్తోందని, తోడు ల్యాబు అటెండరు ఉన్నాడని చెప్పాను. అటెండరు సంగతి నొక్కి చెప్పాను, నాకే ధైర్యంగా ఉంటుందని.

"ఫికర్ జెయ్యకు. ఆయన ఎక్కేది పడవ, పెండ్లి పీట గాదు," అని ఆమె నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ప్రయాణానికి ముందు ఒక మధ్యాహ్నం, జశ్వంత్‌ని చంకనేసుకుని, క్యారేజీ పట్టుకుని బస్సెక్కి ల్యాబుకి వెళ్ళాను. ఆమెని చూడాలని. గుమ్మం దాకా స్పిరిటు వాసన కొడుతోంది. లోపల బల్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఆయన చేతులకీ ఆమె చేతులకీ ఒకే నీలం రంగు తొడుగులు. ఆమె అందగత్తె కాదు. సన్నగా, నల్లగా, జడ కూడా సరిగా వేసుకోకుండా ఉంది. అందంగా ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నేను అడుగు లోపల పెట్టబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అక్కడే ఉండండి భ్రమరాంబ గారూ. ఒక్క వెంట్రుక పడినా, బాబు తుమ్మినా, జెల్లీ గుర్తుల బదులు మీ గుర్తులు వచ్చేస్తాయి."

నవ్వుతూనే అంది. ఆయన కూడా నవ్వారు. నేను క్యారేజీ గుమ్మం బయటే నేలమీద పెట్టి వచ్చేశాను. ఆమె చెప్పింది నిజమే అయ్యుండచ్చు. కాని ఆయనున్న చోటుకి నేను పనికిరానని, వస్తే అంతా పాడవుతుందని, ఇంత సులువుగా నాకు ఎవరూ చెప్పలేదు.

వాళ్ళు భీమిలిలో మొదలుపెట్టి కాకినాడకి వచ్చారు. ఆయన పడవ మీద వెళ్ళి జెల్లీలని పట్టి తెస్తే, ఆమె ఒడ్డున కూర్చుని గొడుగులాంటి వాటి ఒంట్లోంచి చిన్న ముక్కలు కోసి, స్పిరిటు పోసిన సీసాల్లో వెయ్యాలి. ఇదీ వాళ్ళ ఏర్పాటు. భీమిలిలో మాత్రం దేవిశ్రీ తనూ పడవెక్కుతానని పంతం పట్టి, ఎక్కి, వాంతులతో పడిపోయింది. అక్కడి ముక్కలు ఆయనే కోశారు. ఇదంతా తర్వాత తెలిసింది.

వాళ్ళు కాకినాడలో ఉండగా జశ్వంత్‌కి జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. డాక్టరు మందిచ్చి, రేపటికి తగ్గకపోతే పెద్ద దవాఖానకి తీసుకెళ్ళమన్నాడు. నీలమ్మ గారి ఫోనుకి ఎస్టీడీ లేదు. నేను మెయిన్ రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి వాళ్ళు దిగిన లాడ్జీకి ఫోను చేశాను. లైన్లోకి వచ్చింది దేవిశ్రీ. ఆయన ఇంకా సముద్రం మీదే ఉన్నారట. వస్తూనే చెబుతానంది. అక్కడితో ఆగలేదు. తడిగుడ్డతో తుడవమంది, గ్లూకోజు నీళ్ళు పట్టమంది, భయపడద్దంది. పెళ్ళి కాని పిల్ల నా బిడ్డకి ఏం చెయ్యాలో నాకు చెబుతోంది. "ఆయన్ని రమ్మనండి," అని మాత్రం అని పెట్టేశాను.

ఆయన ఆ సాయంత్రమే గౌతమి రైలెక్కి, అప్పటిదాకా పట్టిన సీసాలన్నీ సంచిలో వేసుకుని వచ్చేశారు. దేవిశ్రీ అటెండరుతో కలిసి మిగతా పని చూసుకోవడానికి మచిలీపట్నం వెళ్ళింది. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి బాబుకి చెమటలు పట్టి జ్వరం దిగింది. వాడి నుదురు తాకి చూసి, ఆయన సంచీ విప్పారు. ఇల్లంతా స్పిరిటు వాసన.

సీసాల మూతలు కొన్ని వదులై స్పిరిటు కారింది. వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. చిన్న కాగితం మీద పెన్సిల్‌తో ఊరు పేరు రాసి సీసా లోపలే వెయ్యాలి. పెన్సిల్ రాత స్పిరిటులో చెరగదు. ఆయన ఎప్పుడూ అలాగే చేసేవారు. ఈసారి భీమిలిలో దేవిశ్రీ వాంతుల హడావుడిలో చీటీలు వెయ్యడం తర్వాతకి వాయిదా వేశారట. ఆ సాయంత్రం రైలు తప్పిపోతుందన్న కంగారులో, సీసాల మీద స్టిక్కర్లంటించి స్కెచ్ పెన్నుతో రాసేశారు. ఇప్పుడు ఆ రాతలు నీలంగా కారిపోయి, ఒక్కటీ చదవడానికి వీల్లేకుండా ఉన్నాయి.

ఆయన చాప మీద కూర్చుని సీసాలని రెండు వరసలుగా పేర్చారు. ఒకటి తీసి వెలుగుకి పెట్టి చూసేవారు, ఈ వరసలోంచి ఆ వరసలోకి మార్చేవారు, మళ్ళీ వెనక్కి పెట్టేవారు. ఏమైందని అడిగితే పేర్లు చెరిగాయన్నారు. పరవాలేదు, నాకు గుర్తున్నాయన్నారు. కొత్త చీటీల మీద పెన్సిల్‌తో భీమిలి అని, కాకినాడ అని రాసి లోపల వేశారు. నేను బాబుని ఒళ్ళో వేసుకుని చూస్తూ కూర్చున్నాను. దేవిశ్రీ అక్కడ ఉంది, ఆయన ఇక్కడ ఉన్నారు. నాకంతే చాలనిపించింది.

వానలు మొదలయ్యాక ఆయనకి అన్నం సయించడం మానేసింది. కంచం ముందు కూర్చుని ఎటో చూసేవారు. పలకరిస్తే ఉలిక్కిపడేవారు. దేవిశ్రీ పేరు ఇంట్లో వినబడటం పూర్తిగా ఆగిపోయింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. రోజుకి పదిసార్లు పలికే పేరు ఊరికే ఎందుకు ఆగిపోతుంది? ఆయన చొక్కాలు ఉతికేముందు వాసన చూసేదాన్ని. స్పిరిటు వాసన తప్ప ఇంకోటి ఉండేది కాదు. నీలమ్మ గారు పుల్కాలు కాలుస్తూ, "జర అడుగరాదే, నోట్లె బెల్లం పెట్టుకున్నవా?" అన్నారు. అడిగితే చెప్పేస్తారేమోనని నా భయం.

ఒకరోజు ఆయన పెందలాడే వచ్చారు. మొహం విప్పారి ఉంది. బాబుని ఎత్తి పైకెగరేశారు. కాఫీ అడిగారు. చాలా రోజుల తర్వాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని జరిగింది చెప్పడం మొదలుపెట్టారు.

భీమిలి సీసాల్లో గుర్తులు కలగాపులగంగా వచ్చాయట. సగం ఒక రకం, సగం అచ్చం కాకినాడ రకం. మళ్ళీ చేసినా అంతే. రెండు చోట్లా పుట్టుకలు వేరని తేలబోతున్న పని కాస్తా బురదయింది. ల్యాబు పెద్ద రామబ్రహ్మం గారు ఎక్కడ కలిసిపోయాయో తేల్చమని అందర్నీ నిలదీశారు. సీసాలకి రెండోసారి పేర్లు రాశానని మావారు నోరు విప్పలేకపోయారు. జూలైలో ఫెలోషిప్ పొడిగించాలి. అది రామబ్రహ్మం గారి సంతకం మీద ఉంది.

"దేవిశ్రీ కనిపెట్టేసింది," అన్నారు. "భీమిలి అని రాసిన సీసా తీసి చూస్తే, ముక్కలు తను కోసినవట. నేను కోస్తే వంకరటింకరగా వస్తాయి, తనవి సమంగా ఉంటాయి. నన్నొక్క మాట అనలేదు. తిన్నగా రామబ్రహ్మం గారి దగ్గరికి వెళ్ళి, ల్యాబులో తనే ట్యూబులు తారుమారు చేశానని చెప్పింది. ఆయన అందరి ముందూ చీల్చి చెండాడాడు. కొచ్చిన్ మీటింగులో ఈ పని గురించి మాట్లాడాల్సింది తను, అది కూడా తీసేశాడు. అయినా కిక్కురుమనలేదు. గండం గడిచింది భ్రమరా. అలాంటి మనిషి ఉండదు."

నేను కాఫీ గ్లాసు కిందపెట్టాను. ఆ ఎండాకాలమంతా నన్ను కాల్చిన మంటలన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. ఆయనతో పడవెక్కితే ఎక్కింది, ఆయన్ని నవ్విస్తే నవ్వించింది. ఆయన తప్పు నెత్తినెత్తుకుని అందరి ముందూ తిట్లు తినడం నేను చెయ్యాల్సిన పని. ఆ చోట నాకు గుమ్మం దాకానే ప్రవేశం కాబట్టి, అది కూడా ఆమే చేసేసింది.

"రేపు వెళ్ళి తప్పు మీదని చెప్పండి," అన్నాను.

ఆయన నవ్వబోయి ఆగారు. చెబితే ఫెలోషిప్ ఉండదన్నారు. పోతే పోనీండన్నాను. పోతే మనం తినేదేమిటి, నీకేం తెలుసన్నారు.

"ఇంకో ఆడదాని నెత్తిమీద మీ తప్పు పెట్టి వచ్చి నా చేతి కాఫీ తాగుతున్నారు. అది తెలుసు."

ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. మూడో రోజు ఇక ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. బాబుని నీలమ్మ గారికప్పగించి, వానలో తడుస్తూ ల్యాబుకి బస్సెక్కాను.

దేవిశ్రీ వరండాలోకి వచ్చింది. నన్ను చూసి ముందు బాబు ఎలా ఉన్నాడని అడిగింది. బాగున్నాడన్నాను. దారి పొడుగునా అనుకున్న మాటల్లో ఒకటే మిగిలింది.

"మావారి తప్పు మీ దగ్గరుంది దేవిశ్రీ గారూ. అది మాకిచ్చేయండి."

ఆమె మీతో చెప్పారా అంది. చెప్పారన్నాను.

"మీరేమనుకుంటున్నారో నాకు తెలుసండీ," అంది నెమ్మదిగా. "కాని అది మీ ఆయన కోసం చెయ్యలేదు. పడవెక్కితే నాకు పేగులు నోట్లోకి వస్తాయి. ఆయన్ని తీసేస్తే వచ్చే ఏడు సముద్రం మీదికి వెళ్ళేదెవరు? నన్నైతే తిడతారు గాని తీసెయ్యరు, ఆ యంత్రం నడిపేది నేనొక్కదాన్నే. అంతా ఆలోచించుకునే చెప్పాను. ఇందులో మీరు లేరు. ఆయన కూడా సగమే ఉన్నారు."

ఆ మాటకి నా గుండె చల్లబడాలి. ఎండాకాలమంతా నేను కుళ్ళింది ఏమీ లేనిదానికని ఆమే చెప్పేసింది. చల్లబడలేదు. ఒక పని ఆగకూడదని, కొచ్చిన్ పోగొట్టుకుని, తనది కాని తప్పుకి తలవంచి నిలబడింది. అంత ప్రాణం పెట్టుకునేది నాకు ఒక్కటీ లేదు, బిడ్డ తప్ప. ఆమెకి మగవాళ్ళతో పనే లేదు. నేను పోట్లాడాలని వచ్చిన మనిషి ఈమె కాదు.

"అయినా ఇచ్చేయండి," అన్నాను.

"మీ ఇల్లు గడిచేది దీంతోనే కదండీ."

"మా ఇల్లు మేం చూసుకుంటాం."

అప్పుడు చూశాను, ఆయన తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలియదు. నాకేసి చూశారు, ఆమెకేసి చూశారు. చేతి తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీసి, కిటికీ గట్టు మీద పెట్టి, వరండా చివర రామబ్రహ్మం గారి గదిలోకి వెళ్ళారు. లోపలినుంచి కేకలు వస్తాయని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. వాన చప్పుడు తప్ప.

"వచ్చే ఏడు నేనే ఎక్కాలి పడవ," అంది దేవిశ్రీ, నాతో కాదు. అని లోపలికి వెళ్ళిపోయింది.

రామబ్రహ్మం గారు మర్యాదస్తులే. ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. జూలైలో సంతకం మాత్రం పెట్టలేదు. కొచ్చిన్‌కి దేవిశ్రీనే పంపించారు. ఆ వానల్లోనే మాదాపూర్‌లో కొత్త ఆఫీసులకి మనుషుల్ని తీసుకుంటున్నారు. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటల్ని చెవుల్లో పెట్టుకుని విని, కంప్యూటర్లో కొట్టే ఉద్యోగం. జీవశాస్త్రం చదివినవాళ్ళు కావాలన్నారు. ఆయన వెళ్ళారు, తీసుకున్నారు. నీలమ్మ గారు సంతోషపడిపోయారు. "ఇగ మంచిగైంది. ఏసీల కూసుంటడు. ఇంట్ల గా సారా వాసన గూడ లేదు," అన్నారు. నిజంగానే లేదు. ఆయన చొక్కాలు ఏ వాసనా రావడం లేదు.

మమ్మల్నెవరూ వేలెత్తి చూపలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వేళకి వచ్చేవారు, బాబుతో ఆడేవారు. పాత అటెండరు ఒకసారి లింగంపల్లి స్టేషన్ దగ్గర కనబడి, దేవిశ్రీ మేడమ్ ఇప్పుడు బకెట్టు పక్కన పెట్టుకుని పడవెక్కుతోందని చెప్పాడట. అది నాకు చెబుతూ చెబుతూ ఆయన పెరుగన్నం సగంలో వదిలేసి లేచారు. ఆ తర్వాత ఆ పేరు మా ఇంట్లో వినబడలేదు.

వానలు వెనకబట్టి, గొంగళ్ళలాంటి మబ్బులు విడిపోయిన ఒక సాయంత్రం, ఆయన పప్పు కలుపుకుంటూ, వాళ్ళ ఆఫీసులో పక్క సీటులో హైమవతి అని కొత్తగా చేరిందని, చాలా వేగంగా కొడుతుందని చెప్పారు. గరిటె పట్టుకున్న నా చెయ్యి ఆగింది. ఇక మొదలవుతుందనుకున్నాను. కడుపులో ఆ మంట ఎలా లేస్తుందో నాకు తెలుసు, దాని కోసం చూశాను. అది లేవలేదు. ఆయన బస్సు నెంబరు చెప్పినట్టు చెప్పారు. కళ్ళు కంచం మీదే ఉన్నాయి.

"పెళ్ళయిందా ఆవిడకి?" అన్నాను, ఇప్పటికైనా రాజుకుంటుందేమోనని.

"ఏమో. అడగలేదు."

ఇంకాస్త అన్నం పెట్టనా అంటే, చాలన్నారు.